ఒక్క ఓటుకి ఊపిరి

సిలిగురి దాటాక హైవే మీద ఒక లారీ అంబాసిడర్ కారుని గుద్దింది. కారులో ఉన్న పార్లమెంటు సభ్యుడు అక్కడికక్కడే పోయాడు. లారీ డ్రైవర్ దొరకలేదు. లారీకి నంబరు ప్లేటు లేదు. పేపర్లన్నీ ప్రమాదమని రాశాయి.

"ప్రమాదమేటి, నా మొహం!" అన్నాడు గవరయ్య. "హత్య. ప్లాన్ చేసి చంపారు."

డల్హౌసీలో ఒక పాత మేడ అది. వీధిలోకి కనిపించే బోర్డు మీద జనపనార ఎగుమతుల కంపెనీ పేరుంది. లోపల మాత్రం జనపనార పోగైనా కనిపించదు. కేంద్ర గూఢచారి విభాగానికి అది కలకత్తా స్టేషన్. గవరయ్య దానికి చీఫ్. అనకాపల్లి మనిషి. ఎన్ని రాష్ట్రాలు తిరిగినా, ఎన్ని భాషలు నేర్చినా కోపం వస్తే సొంత ఊరి యాసే బయటికొస్తుంది. ఆ మే నెలంతా ఆయన నోట ఆ యాసే వినబడుతోంది.

ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ సాల్మన్ రాజు. లిలువా రైల్వే కాలనీలో పుట్టాడు. తండ్రి భీమిలి నుంచి వచ్చి వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. సాల్మన్‌కి బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ ఒకే నోటితో ఒకే వాక్యంలో వస్తాయి. ఏ వేషం వేస్తే ఆ మనిషిలా ఉంటాడని డిపార్ట్‌మెంట్‌లో పేరు. సీలింగ్ ఫ్యాన్ ఆగిపోయి చాలాసేపయింది. లోడ్ షెడ్డింగ్. ఇద్దరి చొక్కాలూ ఒంటికి అంటుకుపోయాయి.

"బ్రీఫింగ్ విను," అన్నాడు గవరయ్య. "ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ లేదు. ఉన్న ప్రభుత్వం ఎల్లుండి విశ్వాస పరీక్షకి నిలబడాలి. నెగ్గితే అదే రోజు కోస్టల్ రాడార్ ఒప్పందం మీద సంతకం. బంగాళాఖాతం పొడుగునా రాడార్లు పెడతారు. ఒక్క పడవ కూడా కన్నుగప్పి రావడం కుదరదు. అది ఎవరికి నష్టం?"

"కోరల్ ముఠాకి."

"అదీ! తుపాకులు ఓడల్లో తెచ్చి ఈశాన్యంలో అమ్ముకునే ముఠా అది. వాళ్ల కలకత్తా బాస్ హెన్రిక్ ఫాల్క్. పైకి షిప్పింగ్ ఏజెంట్. ప్రభుత్వం పడిపోతే రాడార్ ఫైలు అటకెక్కుతుంది. అందుకే ఓట్లు రాల్చేస్తన్నాడు. సిలిగురి ఎంపీతో మొదలెట్టాడు."

"ఇప్పుడు లెక్క ఎలా ఉంది సర్?"

"సరిసమానం. తేల్చేది ఒకే ఒక్క మనిషి." గవరయ్య ఒక ఫొటో ముందుకి తోశాడు. "మృత్యుంజయ సామంత. సుందరవనాల అంచు నుంచి గెలిచాడు. ఆయన పార్టీకి అధ్యక్షుడూ ఆయనే, కార్యకర్తా ఆయనే. గుండెపోటు వచ్చి అలీపూర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. రేపు మధ్యాహ్నం విమానం ఎక్కించాలి. బతికుండగా. ఇది నీ పని."

గవరయ్య డ్రాయర్ లాగి ఒక సిగరెట్ లైటర్ ఇచ్చాడు. "ఢిల్లీ ల్యాబ్ నుంచి వచ్చింది. ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది."

సాల్మన్ అడుగున ఉన్న మీట నొక్కి చూశాడు. కుయ్‌మని ఒక కూత పెట్టి అది చచ్చూరుకుంది.

"లైటర్‌గా అయినా పనిచేస్తుందా సర్?"

"అది చేస్తాది," అన్నాడు గవరయ్య నీరసంగా.

*

ప్రిన్సెప్ ఘాట్ మెట్ల మీద ఎండ మండిపోతోంది. లుంగీ కట్టుకుని, భుజాన వల వేసుకుని సాల్మన్ పడవ పక్కన నిలబడ్డాడు. నల్లకళ్లద్దాలు, ముదురాకుపచ్చ షిఫాన్ చీర, ఎత్తు మడమల చెప్పులతో ఒకామె వచ్చింది. ఆమె మెట్లు దిగుతుంటే ఘాట్ మీద ఉన్న మగవాళ్లందరి మాటలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఇలిశా చేప దొరుకుతుందా?" అంది బెంగాలీలో.

"వానలు పడనివ్వండి మేడమ్," అన్నాడు సాల్మన్. కోడ్ సరిపోయింది.

పడవ కొంచెం ఒడ్డు వదిలాక ఆమె కళ్లద్దాలు తీసేసింది. పార్క్ స్ట్రీట్ పార్టీల్లో ఆమె పేరు రీనా. ఫాల్క్ విందులకి ఆమే హోస్టెస్. పోర్టు అధికారులని నవ్వించడం, తాగించడం, వాళ్ల నోటి మాట ఫాల్క్‌కి చేర్చడం ఆమె ఉద్యోగం. అసలు పేరు అరుంధతి. వాట్‌గంజ్‌లో స్థిరపడ్డ తెలుగు క్రేన్ ఆపరేటర్ కూతురు. డాక్‌లో పనిచేసే ఆమె తమ్ముడు ఒకనాడు చూడకూడని పెట్టె తెరిచి చూశాడు. మర్నాడు నీళ్లలో తేలాడు. కాలు జారి పడ్డాడని ఫాల్క్ తనే వచ్చి ఓదార్చి వెళ్లాడు. నిజం తనకి తెలుసని ఆమె ఇప్పటికీ పైకి తేలనివ్వలేదు. ఏడాదిగా ఫాల్క్ కబుర్లన్నీ సాల్మన్‌కి చేరవేస్తోంది.

"నా కాగితాలేటయ్యాయి దాదా?" అదే ఆమె మొదటి ప్రశ్న.

కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు, దూరంగా ఎక్కడో కొత్త బతుకు. పని ముగిశాక ఇస్తామని డిపార్ట్‌మెంట్ ఆమెకి మాటిచ్చింది. ఆ మాట సాల్మన్ నోటితోనే ఇప్పించింది.

"హోం మంత్రి సంతకం కావాలి అరుంధతీ."

"పోయిన నెలా అదే సెప్పావు."

"పోయిన నెల హోం మంత్రి వేరు. ఆయన పార్టీ మద్దతు తీసేసింది. ఇప్పుడు ఆ కుర్చీ బేరంలో ఉంది. ఎనిమిది మంది ఎంపీలున్న ఒక పార్టీ ఆ కుర్చీ ఇస్తేనే వస్తానంటోంది."

ఆమె మొహం నీళ్లకేసి తిప్పుకుంది. అది తిట్టుకంటే గట్టిగా తగిలింది సాల్మన్‌కి. తెడ్డు ఒకసారి అనవసరంగా బలంగా వేశాడు.

"ఫాల్క్ నర్సింగ్ హోమ్‌లో మనిషిని పెట్టాడు," అంది చివరికి. "ఎవరో తెలీదు. ఎలగ చేస్తారో తెలీదు. 'చూసేవాళ్లకి రోగం ముదిరి పోయినట్టే ఉంటుంది' అని ఫోన్‌లో అన్నాడు. అంతే విన్నాను. మిగతాది కనుక్కుంటాను."

"జాగ్రత్త. వాడికి ఏ మాత్రం అనుమానం వచ్చినా ఇంటికెళ్లకు, ఆఫీసుకి రాకు. లిలువాలో మా మేనత్త అచ్చమ్మ ఇంటికి పో. వర్క్‌షాపు వెనక సందు. ఎవరినడిగినా చెప్తారు."

"అదేటి, డిపార్ట్‌మెంట్ ఇల్లా?"

"కాదు. మా ఇల్లు."

*

మధ్యాహ్నానికి సాల్మన్ తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చంకలో బైబిలు, కళ్లకి సన్న ఫ్రేము జోడుతో నర్సింగ్ హోమ్‌లో అడుగుపెట్టాడు. రోగుల కోసం ప్రార్థన చేసే తెలుగు పాస్టరు. మంచి వేషం. ఎవరూ ఆపరు, ఏ గదిలోకైనా వెళ్లొచ్చు. కాపలా ఉన్న ఇద్దరు మఫ్టీ పోలీసులు కూడా లేచి దండం పెట్టారు.

మూడో అంతస్తులో ఒక నర్సు ఎదురొచ్చింది. నడివయసు మనిషి. పేరు డోర్కాస్ అని జేబు మీద ఉంది.

"వందనాలు అయ్యగారూ!" అంది తెలుగులో, మొహం విప్పారి. "ఏ సంఘం?"

"లిలువా సంఘం అమ్మా."

ఆమె మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. "లిలువా సంఘానికి దయారత్నం అయ్యగారు కదండీ. ఆయన మా పెదనాన్న."

ఇన్నేళ్ల సర్వీసులో ఇంత తొందరగా వేషం చిరిగిపోవడం సాల్మన్‌కి ఇదే మొదటిసారి. ఆమెని మెట్ల మలుపులోకి తీసుకెళ్లి ఐడీ కార్డు చూపించాడు. వచ్చిన పని చెప్పాడు.

"అబద్ధపు పాస్టరుతో మాట్లాడ్డం పాపమేమో," అంది డోర్కాస్. "అయినా గదిలో ఉన్నాయన నా పేషెంటు. ఏం చేయాలో చెప్పండి."

గదిలో మృత్యుంజయ సామంత మంచం మీద మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. దిండు కింద దాచిన సందేశ్ మిఠాయి డబ్బా. చెవికి ఇటుకంత సెల్‌ఫోన్.

"రైల్వే సహాయ మంత్రి? నాకు రైలు లేదు మశాయ్, మా వైపు పట్టాలే లేవు. గట్టు సంగతి చెప్పండి!" అని ఫోన్ పెట్టేసి సాల్మన్ వైపు చూశాడు. "రండి పాస్టర్ మశాయ్. మీరు ఏ పార్టీ తరఫున?"

"నేను దేవుడి తరఫున."

"ఆయనకి ఎంతమంది ఎంపీలున్నారు?" అని నవ్వి, దగ్గి, ఆయాసపడ్డాడు ముసలాయన.

సాల్మన్ నిజం చెప్పేశాడు. ఆయన భయపడలేదు. సందేశ్ ఒకటి తీసి సాల్మన్ చేతిలో పెట్టాడు.

"మా ఊళ్లకి ఉప్పునీళ్లు వస్తాయి. మట్టిగట్టు ఒకటుంది. ఏటా తెగుతుంది, ఏటా మట్టి పోస్తారు. కాంక్రీటు గట్టు కట్టమని పాతికేళ్లు తిరిగాను. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఎవరికీ మెజారిటీ లేదు కాబట్టి నా మాట వింటున్నారు. ఈ దేశంలో నాలాంటి వాడి గొంతు వినపడాలంటే ప్రభుత్వం వణుకుతూ ఉండాలి. మీకది చికాకు. నాకది ఒక్కటే అవకాశం."

సాల్మన్ సందేశ్ నోట్లో వేసుకుని లేచాడు. కిటికీలు చూశాడు. మందుల ట్రే చూశాడు. తిండి డోర్కాస్ చేతి మీదుగానే రావాలన్నాడు. సాయంత్రానికి మూడో అంతస్తు అతని గుప్పెట్లో ఉంది.

అప్పుడే పేజర్ మోగింది. ఆఫీసుకి ఫోన్ చేయమని. కింద కౌంటర్ నుంచి చేశాడు.

"వచ్చేయ్," అన్నాడు గవరయ్య.

"ఏమిటి సర్?"

"ఎనిమిది మంది పార్టీతో బేరం కుదిరింది. వాళ్లకి హోం శాఖ. ఇంక ముసలాయన ఓటుతో పని లేదు. సెక్యూరిటీ ఉపసంహరించమన్నారు. పోలీసులని కూడా పంపేస్తన్నారు."

"ప్రభుత్వానికి పని లేదు సర్. ఫాల్క్‌కి ఉంది. బేరం కుదిరిందని వాడికి ఎవరు చెప్పారు? వాడు రేపు ఈయన్ని చంపేస్తాడు."

"ఆర్డరు అలగే వచ్చింది సాల్మన్. నేనేటి చేసేది?"

సాల్మన్ ఫోన్ పెట్టేశాడు. మఫ్టీ పోలీసులు టిఫిన్ క్యారియర్లు సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోవడం కనిపించింది. దిగిపోతూ సాల్మన్‌కి మళ్లీ దండం పెట్టారు. గోడని గుద్దాలనిపించింది. గుద్దలేదు. పైకెళ్లి, ముసలాయన గది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్డరు ఏజెంట్ సాల్మన్ రాజుకి. పాస్టరుకి ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు.

*

పొద్దున పేజర్ మళ్లీ మోగింది. సాల్మన్ ముసలాయన సెల్‌ఫోన్ తీసుకుని ఆఫీసుకి చేశాడు.

"బేరం చెడింది," అన్నాడు గవరయ్య. ఆయన గొంతు బొంగురుపోయింది. "సొంత పార్టీ వాళ్లే ఒప్పుకోలేదట. ముసలాయన్ని ఎలగైనా విమానం ఎక్కించమంటన్నారు. ఎక్కడున్నావు?"

"గుమ్మం దగ్గరే ఉన్నాను సర్."

గవరయ్య దీర్ఘంగా ఊపిరి వదిలాడు. "బతికించావు. కానీ ఎస్కార్ట్ లేదు. ఒకసారి రద్దయింది కదా, కాగితం మళ్లీ మొదటి బల్ల నుంచి కదలాలట. నువ్వే బయల్దేరు."

అంబులెన్స్ సిద్ధమైంది. డ్రైవరు పాతవాడే. వెనక సీట్లో కూర్చునే అటెండెంటు కొత్తవాడు. రోజూ వచ్చేవాడికి జ్వరమని చెప్పాడు. సాల్మన్ వాడి జేబులు తడిమాడు, సంచీ తెరిపించాడు. దూది, కత్తెర, ఇంజెక్షన్ సిరంజి, మరేమీ లేవు. కత్తెరా సిరంజీ తీసి, బండిలో వెంట వస్తున్న డోర్కాస్‌కి ఇచ్చాడు. దారంతా ఆక్సిజన్ పెట్టే ఉంచాలని డాక్టరు రాసిచ్చాడు. నల్లటి సిలిండరు స్ట్రెచర్ పక్కన బిగించి ఉంది.

కానీ ముసలాయన మాస్కు పెట్టనివ్వలేదు.

"మాస్కు పెడితే మాట్లాడ్డం ఎలా?" అని కసిరాడు. ఫోన్ చెవి నుంచి దిగడంలేదు. ఢిల్లీ నుంచి ఒకరి తర్వాత ఒకరు. "కాంక్రీటు... మట్టి కాదు మశాయ్, కాంక్రీటు... కాగితం మీద రాసివ్వండి..."

అటెండెంటు మాస్కు పట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు.

బేలేఘాటా దాటబోతుండగా బండి ఆగిపోయింది. ఎదురుగా రోడ్డంతా ఎర్రజెండాలు. ధరల పెరుగుదలకి వ్యతిరేకంగా మిఛిల్. కనుచూపు మేరా ఊరేగింపే. "చోల్‌బే నా! చోల్‌బే నా!" చెల్లదు, చెల్లదని నినాదాలు. ఈ రాష్ట్రాన్ని ఇరవయ్యేళ్లుగా పాలిస్తున్నవాళ్లే ఈ ఊరి రోడ్లని ఇలా ఆపుతారు. ఈసారి నినాదాలు ఢిల్లీ మీద. ట్రాములు, బస్సులు, చేతిరిక్షాలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. డ్రైవరు సైరన్ మోగిస్తే ముందున్న కాలేజీ అమ్మాయి తిరిగి చూసి, నిస్సహాయంగా చేతులు తిప్పింది. జరగడానికి ఆమెకీ చోటులేదు.

సాల్మన్ లైటర్ అడుగున మీట నొక్కాడు. కుయ్‌మంది. ఆగిపోయింది. తిట్టుకుంటూ జేబులో పడేశాడు.

లోపల గాలి ఆడడంలేదు. ముసలాయన నుదుటి నిండా చెమట. అయినా ఫోన్‌లో గొంతు పెంచాడు. "ప్రధానిగారే చెప్పారా? కాంక్రీటు? ... బాగుంది. నా ఓటు మీదే." ఫోన్ ఒళ్లోకి జారవిడిచి, ఛాతీ పట్టుకున్నాడు. పెదాలు నల్లబడుతున్నాయి. "ఇప్పుడు... ఇప్పుడు పెట్టండి బాబూ, ఆ మాస్కు..."

అటెండెంటు ఆ మాట కోసమే కాచుకున్నట్టు మాస్కు మొహానికి అదిమి, సిలిండరు మర తిప్పాడు. గాలి బుస్సుమంది.

సాల్మన్ నడుము దగ్గర పేజర్ వణికింది.

తీసి చూశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్. 'టైలర్ ఊపిరి గారికి, మార్చేశారు. రీనా.' ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఊపిరి అనే పేరుగల టైలర్ ఎవరూ అతనికి తెలీదు. మరుక్షణం పేరునీ మాటనీ కలిపి చదివాడు. ఊపిరి మార్చేశారు.

మాస్కు మీద చెయ్యి వేసి ఒక్క లాగు లాగాడు. ఎలాస్టిక్ తెగింది.

"ఏం చేస్తున్నారు, రోగి పోతాడు!" అని అరిచాడు అటెండెంటు.

సాల్మన్ వెనక తలుపు తన్ని తెరిచాడు. మాస్కు బయటికి చాపి, రెండో చేత్తో లైటర్ వెలిగించి దాని ముందు పట్టాడు. ఆక్సిజనే అయితే మంట భగ్గుమనాలి. మంట వంగి, నీలంగా చిన్నదై, ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరిపోయింది. సిలిండరులో ఉన్నది మనిషిని చప్పుడు లేకుండా నిద్రపుచ్చే గాలి. ఇంకో నిమిషం ఆగితే గుండెజబ్బు మనిషి గుండెజబ్బుతోనే పోయాడని డాక్టరు సర్టిఫికెట్ రాసిచ్చేవాడు.

అటెండెంటు సిలిండరు స్పానర్ ఎత్తి సాల్మన్ తలకి గురిపెట్టి విసిరాడు. సాల్మన్ పక్కకి ఒరిగాడు. స్పానర్ భుజం ఎముకకి తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. వాడు తలుపులోంచి జనంలోకి దూకాడు. వెనకే డోర్కాస్ గొంతు మిఛిల్ నినాదాలకంటే పైకి లేచింది: "పట్టుకోండి! రోగిని చంపబోయాడు! ధోరో, ధోరో!"

అంత పెద్ద ఊరేగింపులో వాడు పది గజాలు కూడా పోలేదు. జెండా కర్రలు అడ్డం పడ్డాయి. క్షణంలో వాడు నేల మీద, వాడి మీద నలుగురు.

ముసలాయన తలుపు దగ్గరి గాలికి మెల్లగా తేరుకుంటున్నాడు. డోర్కాస్ చేత్తో నొక్కే గాలితిత్తితో ఊపిరి అందిస్తోంది. పెదాలకి రంగు తిరిగి వస్తోంది. కానీ బండి కదిలే దారి లేదు. విమానం ఆగదు.

"దాదా!" అని అరిచాడు సాల్మన్, జెండా పట్టుకున్న ఒక పెద్దమనిషి కేసి. "రోగి. దమ్‌దమ్ ఎయిర్‌పోర్టు చేరాలి. ప్రాణం మీదకొచ్చింది."

ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. జెండా పక్కవాడికిచ్చి స్ట్రెచర్ ఒక కొమ్ము పట్టాడు. ఇంకో ముగ్గురు పట్టారు. "దారి! దారి! రోగి!" అన్న కేక ముందుకి పరిగెత్తింది. ఎర్రజెండాలు రెండుగా చీలాయి. ఢిల్లీ ప్రభుత్వం దిగిపోవాలని నినాదాలిస్తూనే, ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టే ఆ ఒక్క ఓటుని భుజాల మీద మోసుకుంటూ వాళ్లు మిఛిల్ చివరిదాకా తీసుకెళ్లారు. మృత్యుంజయ సామంత స్ట్రెచర్ మీద పడుకుని అటూ ఇటూ చూసి, అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టాడు.

చివర ఒక పసుపుపచ్చ టాక్సీ దొరికింది. విమానం మెట్లు లాగేస్తుండగా సాల్మన్ ముసలాయన్ని ఎత్తుకుని పరిగెత్తాడు. నలిగిన తెల్లచొక్కాలో, చెమటలో, రక్తంలో ఉన్న పాస్టరుని చూసి ఎయిర్ హోస్టెస్ తలుపు మూయడం మరిచిపోయింది. డోర్కాస్ కూడా ఎక్కింది, విమానం వాళ్ల దగ్గరే తెప్పించుకున్న కొత్త సిలిండరుతో.

సింగపూర్ విమానం కోసం లాంజ్‌లో కూర్చున్న హెన్రిక్ ఫాల్క్‌ని అరగంట తర్వాత కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. అటెండెంటు అప్పటికే పోలీసులకి వాడి పేరు చెప్పేశాడు.

*

మర్నాడు మధ్యాహ్నం. లిలువాలో అచ్చమ్మ ఇల్లు. రెండు గదులు, వెనక చిన్న వసారా. టీవీ ముందు వీధి వీధంతా ఉంది. సాల్మన్ కట్టు కట్టిన భుజంతో పీట మీద కూర్చున్నాడు. అచ్చమ్మ కంచంలో అన్నం, ఎండుచేపల కూర పెట్టి తెచ్చింది.

"తిను ముందు. ఆళ్ల ఓట్లు ఎక్కడికీ పోవు," అంది.

అరుంధతి తలుపు చాటున నిలబడి ఉంది. నిన్న ఫాల్క్ ఫ్లాట్‌లో, వాడి కళ్లముందే, వాడి ఫోన్‌లోనే టైలర్‌కి కబురన్నట్టు పేజర్ ఆపరేటర్‌కి తెలుగులో మెసేజ్ చెప్పింది. వాడికి ఏడు భాషలు వచ్చు. తెలుగు రాదు. వాడు ఎయిర్‌పోర్టుకి బయల్దేరగానే ఆమె చీర కూడా మార్చుకోకుండా లోకల్ రైలెక్కి ఇక్కడికి వచ్చేసింది. ఇప్పుడు ఒంటి మీద అచ్చమ్మ నేతచీర. ముఠా మనుషులు ఆమె కోసం పార్క్ స్ట్రీట్ జల్లెడ పడుతున్నారు.

స్క్రీన్ మీద అంకెలు వచ్చాయి. ప్రభుత్వం ఒక్క ఓటుతో నెగ్గింది.

వీధంతా చప్పట్లు. సాల్మన్ కూడా నవ్వాడు, చాలా రోజుల తర్వాత. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు.

ఒక్క ఓటు మెజారిటీ చూసి ఢిల్లీకి చెమటలు పట్టాయి. చెడిన బేరం మళ్లీ మొదలైంది, ఈసారి రెట్టింపు ధరకి. ఎనిమిది మంది పార్టీకి హోం శాఖతోపాటు ఓడరేవుల శాఖ కూడా ఇచ్చారు. కొత్త మంత్రిగారు కుర్చీలో కూర్చోగానే రాడార్ ఒప్పందం 'పునఃపరిశీలన' కోసం ఒక కమిటీకి పంపారు. ఫాల్క్ మీద హత్యాయత్నం కేసు కాస్తా వీసా నిబంధనల ఉల్లంఘనగా మారి, వాడిని మర్యాదగా విమానం ఎక్కించి పంపేశారు. సుందరవనాల నుంచి మృత్యుంజయ సామంత ఫోన్ చేశాడు.

"పాస్టర్ మశాయ్, నా ఫోన్ ఇప్పుడు ఎవరూ ఎత్తడంలేదు," అన్నాడు. "తొమ్మిది రోజుల్లో పౌర్ణమి పోటు. గట్టు మీద మట్టి పోస్తున్నాం." కోపంగా అనలేదు. మంచం మీద కూర్చుని చెప్పిన గొంతుతోనే అన్నాడు. అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి.

అరుంధతి కాగితాలు వెనక్కి వచ్చాయి. పాత మంత్రి హయాంలో ఇచ్చిన హామీ కాబట్టి కొత్తగా మొదలుపెట్టాలట.

ఆ సాయంత్రం సాల్మన్ వసారాలో తలవంచుకుని కూర్చుంటే అచ్చమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"ఏటిరా అలగున్నావు?"

"ఆ పిల్లకి మాటిచ్చానత్తా. నిలబెట్టుకోలేకపోతున్నాను."

"నువ్విచ్చిన మాటేనా, గవర్మెంటోళ్లదా?"

"నేను నా నోటితోనే ఇచ్చాను."

"మరింకేటి?" అంది అచ్చమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఎల్లుండి మా స్త్రీల సమాజం అంతా భీమిలి సభలకెళ్తన్నాం. ఇరవై మందిమి. ఇరవై ఒకటో మనిషి ఎక్కితే ఎవులడుగుతారు? మా ఆడబిడ్డ అక్కడ బడి నడుపుతాది. టీచరు కావాలని ఏడాదిగా మొత్తుకుంటంది. నేను సెప్పుకుంటాను."

హౌరా ప్లాట్‌ఫాం మీద, పట్టపగలు, తెల్ల చీరలు కట్టుకుని కీర్తనలు పాడుకుంటూ ఆడవాళ్లు రైలెక్కారు. ఫాల్క్ మనిషి ఒకడు పుస్తకాల షాపు పక్కన నిలబడి ప్రతి అందమైన మొహాన్నీ పరకాయించి చూస్తూనే ఉన్నాడు. తెల్లచీర, నూనె రాసి బిగించి దువ్విన జడ, చంకలో బైబిలు ఉన్న విజయ కుమారి అనే టీచరుగారిని వాడు రెండుసార్లు చూసి రెండుసార్లూ వదిలేశాడు. రైలు కదిలాక ఆమె కిటికీలోంచి సాల్మన్ వైపు చూసింది. చెయ్యి ఊపలేదు. కళ్లు తుడుచుకోనూ లేదు. గొంతెత్తి పక్కవాళ్లతో పాటు పాడటం మొదలుపెట్టింది, పూర్తిగా శ్రుతి తప్పి.

మర్నాడు డల్హౌసీ ఆఫీసులో గవరయ్య ఫైలు మూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ పిల్ల కనిపించడంలేదని ఢిల్లీ అడుగుతంది సాల్మన్. ఎక్కడుందో నేనడగను. కానీ ఆవిడ పోకకీ మన శాఖకీ ఏ సంబంధం లేదు కదా?"

"లేదు సర్," అన్నాడు సాల్మన్. "మా మేనత్త బయటి నుంచి మద్దతిచ్చింది."